ఊ లేని కబుర్లు

ఎర్రపర్ర కబుర్ల గది, పని చిట్టా. రాస్తున్నది హైమ.

సోమవారం

పొద్దున్నే తలుపు సందుల్లో ఎర్రదుమ్ము తుడిచాను. నీళ్ళబుడ్డి నింపాను. ఆ తర్వాతే ఫిర్యాదుల తెర తెరిచాను. ఇదే వరస ఉండాలని జోజన్న నియమం. దుమ్ములో కూర్చుని ఫిర్యాదులు చదివితే ఎవరి మీదైనా కోపం వస్తుందట. తుడిచాక చదివినా వస్తోంది, ఆ మాట ఆయనకి చెప్పలేదు.

ఈ చిట్టా రేపు కొత్తగా డ్యూటీకి వచ్చేవాళ్ళకి కూడా అర్థం కావాలంటాడు కాబట్టి, మా పనేమిటో ఒకసారి రాసేస్తాను. ఈ గదిలో మేం ఇద్దరం, నేను జోజన్న అని పిలిచే జోజిబాబు గారూ నేనూ. ఇద్దరం కలిసి చూసుకునేది ఒకే ఒక్క ప్రోగ్రాం, దాని పేరు ఊకొట్టు. ఈ ఎర్ర గ్రహం మీంచి మాట శనిగ్రహం పక్కనున్న చలిగనికి చేరాలంటే గంట పైనే పడుతుంది. మంచు తవ్వడానికి మా ఊరి నుంచి సగం మంది అక్కడికే పోయారు. వాళ్ళతో మామూలుగా మాట్లాడుకోవడం కుదరదు. అందుకని ఇక్కడ కబురు చెప్పి పంపుతాం. అవతలి మనిషి అది వింటూ ఊ కొడతాడు. ఆ ఊలు మన కబురు మీదే కూర్చుని తిరిగొస్తాయి. మన మాటలే మనం ఇంకోసారి వింటాం, మధ్యమధ్య వాళ్ళ ఊలతో. బయటివాళ్ళకి పిచ్చిగా ఉంటుంది గాని, మా ఊళ్ళో సాయంత్రమైతే ప్రతి ఇంట్లోనూ ఇదే పని. చలిగని వాళ్ళకి సొంతంగా కబురు పంపే వంతు ఎప్పుడో గాని రాదు. ఊ కొట్టి పంపడానికి మాత్రం వంతుతో పని లేదు.

ఊకొట్టు కూర్చునేది పునాది అనే పెద్ద ప్రోగ్రాం మీద. గాలి మోటార్లు, తలుపుల తాళాలు, దీపాలు, అన్నీ దాని మీదే నడుస్తాయి. పునాదిని చూసుకునేవాళ్ళు రాజధానిలో ఉంటారు. మేం దాన్ని ముట్టుకోం. తప్పు అక్కడ ఉందని తేలితే ఫిర్యాదు మీద "కింది పొర" అని ముద్ర వేసి మూసేస్తాం. అప్పుడు జోజన్న చెంచాతో స్టీలు గ్లాసు మీద ఒక్కటి కొట్టి "మనది కాదు!" అంటాడు. టీ పెట్టే వేళయిందని దాని అర్థం.

ఇవాళ వచ్చిన వాటిలో రెండు మా వీధి పైడమ్మ పిన్నివి. ఆవిడ చెల్లెలు అప్పలకొండ చలిగని వంటశాలలో వండుతుంది. మొదటి ఫిర్యాదు: చెల్లెలు తన మాట వినడం మానేసింది. రెండోది: అక్కడ గాలి మోటారు ఆగి ఆగి నడుస్తోంది, కబుర్లో తెలుస్తోంది, చెల్లికి ఏమైనా అయితే ఎవరిది పూచీ?

చలిగని పరీక్ష యంత్రానికి "హలో, ఒకటి, రెండు, మూడు" అని పంపాను. అక్కడి డ్యూటీవాడు కూడా "ఒకటి, రెండు, మూడు" అని తిప్పి పంపాడు. శుభ్రంగా వినిపించింది. మనుషులు వినకపోతే ప్రోగ్రాం ఏం చేస్తుంది? మోటారు సంగతి అసలే మాది కాదు. రెండూ మూసేశాను. గ్లాసు రెండుసార్లు మోగింది.

బుధవారం

ఫిర్యాదులు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. "మా ఆయన అలిగాడా, మీ ప్రోగ్రాం అలిగిందా?" అని ఒకావిడ. "నా కొడుక్కి చెవుడు వచ్చిందేమో, అక్కడి డాక్టరుకి చెప్పండి" అని ఒకాయన. బడి పంతులమ్మ ఒకామె ఏకంగా నిశ్చితార్థం వద్దనుకుందట. పెళ్ళికొడుక్కి తనంటే ఇష్టం లేదని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. ఊ రాకపోవడమే చెప్పింది.

పోయిన నెల పునాదికి కొత్త పొర వేశారు. మోటార్లు మునుపటికంటే చల్లగా నడుస్తున్నాయని ఊరంతా మెచ్చుకుంది. దానికీ దీనికీ సంబంధం ఉందేమోనని జోజన్నతో అన్నాను. "పరీక్ష చేశావుగా, బాగానే వచ్చిందిగా" అన్నాడు. నిజమే, పరీక్ష ఎప్పుడు చేసినా బాగానే వస్తోంది.

నా సంగతి కూడా రాయాలి. చిట్టాలో పనికొచ్చేవే రాయాలంటాడు జోజన్న. ఇది పనికొస్తుందో రాదో నాకు తెలీదు గాని, రాయకుండా ఉండలేకపోతున్నాను.

నీలాద్రి నా మొగుడు. చలిగనికి వెళ్ళి ఐదేళ్ళు దాటింది. మాటలు తక్కువ మనిషి. పెళ్ళిచూపుల్లో నేను మాట్లాడుతూనే ఉన్నాను, అతను ఊ కొడుతూనే ఉన్నాడు. ఆ ఊ విని చేసుకున్నాను. సొంత కబురు పంపే వంతు వచ్చినా వాడుకోడు, గోడతో మాట్లాడినట్టు ఉంటుందంటాడు. పైగా ఆ గదిలో నలుగురు పడుకుంటారు, గొంతు లేస్తే తిడతారు. అందుకని ఊలే అతని మాటలు. నిద్రొస్తున్న ఊ వేరు, నవ్వు ఆపుకుంటున్న ఊ వేరు. "నువ్వనేది తప్పే గాని, కానియ్యి" అనే ఊ ఒకటి ఉంది. అది వింటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ ఒక్కటి వినిపించినా చాలు, ఏడ్చేసేలా ఉన్నాను.

చలిగని నుంచి ఇక్కడికి పావురం అనే ఓడ బయలుదేరబోతోంది. ఇది తప్పితే ఇంకోటి ఎన్నేళ్ళకో. అందులో ఎక్కాలంటే ఇక్కడ ఒకరు గాలి సంతకం పెట్టాలి, వచ్చే మనిషికి నా ఇంట్లో గాలి ఉంది అని. ఒక మనిషి జీవితంలో ఒక్కసారే పెట్టగలిగే సంతకం అది. వస్తాడని పెట్టాక ఆ మనిషి ఓడ ఎక్కకపోతే, ఆ గాలి వేరేవాళ్ళకి పోతుంది. ఇంకెప్పుడూ అతన్ని నేను పిలిపించుకోలేను.

అందుకే అడిగాను. ఇంటి కబుర్లన్నీ చెప్పి, చివర్లో, "నీలాద్రీ, పావురానికి వచ్చేస్తావా? సంతకం పెట్టనా?" అని అడిగి, అతను ఊ కొట్టడానికి కాసేపు ఆగాను.

కబురు తిరిగొచ్చింది. మొదటి నుంచి చివరి దాకా నా గొంతే. ఆ ప్రశ్న తర్వాత ఏమీ లేదు. నా గొంతు అంత దిక్కులేకుండా ఎప్పుడూ వినలేదు. ఆ మర్నాడే అతను లోతు వంతుకి దిగాడని తెలిసింది. మంచు అడుక్కి దిగితే కబుర్లు అందవు. గాలి సంతకం ఉన్నవాళ్ళనే ఓడ కోసం పైకి పిలుస్తారు, లేనివాళ్ళు ఓడ పోయాకే వస్తారు.

రావడం ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పొచ్చుగా? అతను దిగేలోపు నేనూ ఇంకో కబురు పంపలేదు. బతిమాలుకోవడం మా ఇంటావంటా లేదు.

శుక్రవారం

పైడమ్మ పిన్ని స్వయంగా వచ్చింది. దుమ్ముచెప్పులతోనే లోపలికి వచ్చేసింది. నేను తుడిచిందంతా దండగైంది.

"ఏటే హైమా, నా పిర్యాదు మూసీసినావంట?"

"పిన్నీ, పరీక్ష చేశాం. ప్రోగ్రాం బాగానే ఉంది."

"పోగ్రామ్ బాగుంటే నా సెల్లికేటయింది మరి? ఉప్పుసేపల పులుసు గురించి సెప్పినాను. ఉప్పుసేప అంటే పేనం ఇడిసీసే మనిషి. దానికీ ఊ కొట్టలేదంటే, అది బతికున్నట్టా సచ్చినట్టా?"

జోజన్న కుర్చీ జరిపాడు. "అమ్మా, ఒక పని చేద్దాం. ఆ పులుసు సంగతి ఇక్కడ ఈ యంత్రంలో చెప్పండి. నేను పక్కగదిలో ఇంకో యంత్రం దగ్గర కూర్చుని వింటాను. అది తిరిగొచ్చాక ముగ్గురం విందాం. ప్రోగ్రాంలో తప్పు లేదని మీకే తెలుస్తుంది."

ఆవిడ మొదలుపెట్టింది. చేపని ఎన్నిసార్లు కడగాలో, చింతపండు ఎంత పులిసిందో, ఈ పర్రలో పండించిన వంకాయకి రుచి ఎందుకు లేదో, మధ్యలో ఎప్పుడో పోయిన మొగుడి మీద రెండు తిట్లు. పక్కగది తలుపు తీసే ఉంది. జోజన్న ఊ కొడుతున్నాడు. తిట్ల దగ్గర కాస్త సాగదీసి కొట్టాడు.

తిరిగొచ్చింది విన్నాం. పైడమ్మ పిన్ని గొంతు ఒక్కటే ఉంది. ఒక్క ఊ కూడా లేదు.

జోజన్న మొహం చూడాలి. "అదేంటి, నేను కొట్టాను కదా!"

"కొట్నావు బాబూ, నా సెవుల్తో ఇన్నాను," అంది పిన్ని. ఇంతలోనే ఆవిడకి ఏదో తట్టి లేచి నిలబడింది. "అయితే నా సెల్లీ కొట్టినాదేమో!"

మేం ఇన్నాళ్ళూ పరీక్ష చేసింది దేంతో? "హలో, ఒకటి, రెండు, మూడు." గట్టిగా, స్పష్టంగా, మైకు పగిలేలా. ఊకొట్టు అని పేరు పెట్టుకున్న ప్రోగ్రాంని పరీక్ష చెయ్యడానికి ఇద్దరిలో ఒక్కరం, ఒక్కసారైనా, ఊ అని అనలేదు. ప్రోగ్రాంలు చూసుకునేవాళ్ళు మాత్రమే చెయ్యగల తెలివితక్కువ పని ఇది.

మళ్ళీ మళ్ళీ విన్నాం. గదిలో ఎప్పుడూ ఉండే మోటారు రొద వెనక వినిపిస్తూనే ఉంది. కానీ అక్కడక్కడ అది కూడా లేదు. టక్కున ఆగి, టక్కున మొదలవుతోంది. ఆ ఆగిన చోట్లు సరిగ్గా జోజన్న ఊ కొట్టిన చోట్లే. ఊని గోకి పారేస్తూ, దాని వెనకున్న రొదని కూడా కలిపి గోకేస్తోంది పునాది.

"మోటారు ఆగి ఆగి నడస్తంది అని రాసినానా లేదా?" అంది పిన్ని.

రాసింది. దానికి టీ తాగాం మేం.

శనివారం

పునాది వాళ్ళకి అంతా వివరంగా రాసి పంపితే సాయంత్రానికి జవాబొచ్చింది. ఇక్కడ అతికిస్తున్నాను:

"మీ నివేదిక అందింది. కొత్త పొరలో, గొంతు నుంచి వచ్చే, ఒక మట్టానికి లోపలుండే చిన్న శబ్దాలను సమాచారం లేనివిగా గుర్తించి తొలగించడం జరుగుతోంది. దీనివల్ల కరెంటు ఆదా అవుతోంది. ఇది ఉద్దేశించినట్టే పనిచేస్తోంది. మీ ఫిర్యాదును మూసివేస్తున్నాము."

కింద ప్రద్యుమ్న అని సంతకం. శబ్దాల విభాగం.

*(జోజి రాస్తున్నాను. హైమ బయటికెళ్ళింది. సమాచారం లేనిదట! మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ నేను చెప్పిన ప్రతి సోదికీ ఊ కొట్టింది. ఆవిడ పోయాక ఇంట్లో నాలో నేను పైకి మాట్లాడుకోవడం కూడా మానేశాను. సమాచారం లేదని వీళ్ళకెవరు చెప్పారు? ఈ చిట్టాలో పనికొచ్చేవే రాయాలని నేనే అన్నాను. ఇది పనికొచ్చేదే.)*

ఆదివారం

సెలవు. అయినా వచ్చాను, ఇంట్లో కాలు నిలవలేదు.

నీలాద్రి నుంచి తిరిగొచ్చిన కబుర్లన్నీ వరసగా పెట్టుకుని విన్నాను. నా మాటలు వినలేదు. వాటి వెనక చలిగని మోటారు రొదని విన్నాను. అది ఎక్కడ ఆగుతోందో అక్కడ నీలాద్రి ఉన్నాడు.

ఎన్ని చోట్ల ఉన్నాడో! కొత్త దుప్పటి కొన్నానని చెప్పిన చోట చిన్న ఖాళీ. గోడకి చెమ్మ వస్తోందన్న చోట ఒకటి. మా పెదనాన్న గారి మీద చాడీలు చెప్పిన చోట వరసగా చాలా ఉన్నాయి, అక్కడ నవ్వు ఆపుకుని ఉంటాడు. నేను ఊరికే నిట్టూర్చి మాట మార్చిన ఒక చోట, మరెవరూ పట్టించుకోని చోట, అక్కడా ఉన్నాడు. నన్ను పట్టించుకోలేదని తిట్టుకున్న రోజులన్నీ ఈ మనిషి అక్షరం వదలకుండా వింటూనే ఉన్నాడు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. సిగ్గెందుకు, గదిలో ఎవరూ లేరు.

తర్వాత చివరి కబురు పెట్టాను. "పావురానికి వచ్చేస్తావా? సంతకం పెట్టనా?"

ఆ తర్వాత రొద ఆగింది. పొడుగ్గా ఆగింది. నీలాద్రి ఊ అంత పొడుగు ఎప్పుడూ ఉండదు.

జోజన్న కూడా వచ్చాడు, ఆయనకీ సెలవంటే పడదు. ఆయనకి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఏదో అన్నాడమ్మా. అది మాత్రం ఖాయం."

"ఏమన్నాడు జోజన్నా?"

"ఎట్లా చెప్పను తల్లీ? ఊ అయినా కావచ్చు, ఊహూ అయినా కావచ్చు. దగ్గినా ఇట్టాగే పోతుంది, ఏడ్చినా ఇట్టాగే పోతుంది. అక్కడేం మిగల్లేదు."

బుధవారంతో గాలి సంతకాలు ఆఖరు.

సోమవారం

పునాదిని మార్చలేం. వాళ్ళు మార్చరు. మరి పునాది ఏ చప్పుడునీ చెరపకుండా వదిలేస్తుంది? పొద్దుటి నుంచి దాని నియమాలన్నీ తిరగేశాను. ఒక్కటే దొరికింది. ఆపద పిలుపు. గాలి పోయినప్పుడూ, గోడ పగిలినప్పుడూ మనిషి చేసే చప్పుడు ఎంత చిన్నదైనా సరే, పునాది ముట్టుకోదు. మూలుగైనా, ఊపిరైనా ఉన్నదున్నట్టు చేరుస్తుంది. చప్పుడు మీద ఆపద ముద్ర ఉంటే చాలు.

జోజన్నకి చూపించాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"అంటే వినేవాళ్ళ వైపు నుంచి వచ్చే ప్రతి చప్పుడుకీ మన ప్రోగ్రాంలో ఆపద ముద్ర వేసేద్దామంటావు."

"అవును."

"మన ఉద్యోగాలు పోతాయి హైమమ్మా."

"పోతే పోనీ."

"పోతే పోనీ అని నేనూ అనుకున్నాను గాని, నువ్వు ముందు అంటే బాగుంటుందని చూస్తున్నాను," అన్నాడు. మధ్యాహ్నానికల్లా రాసేశాం. పరీక్ష కూడా చేశాం. ఈసారి ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఊ, ఊ, ఊ అనుకుంటూ చేశాం. ప్రతి ఊ తిరిగొచ్చింది. సాయంత్రానికి చలిగని యంత్రాలకి కూడా కొత్త ఊకొట్టు చేరింది.

మంగళవారం

రాజధాని నుంచి ఆపద లైను మీద పిలుపు. ప్రద్యుమ్న గారే. గొంతు వింటే కుర్రాడిలా ఉన్నాడు, పాపం కంగారు పడుతున్నాడు.

"ఎర్రపర్రేనా అండీ? మీ దగ్గర ఏం జరుగుతోంది? నిన్నటి నుంచి మా గదిలో ఎర్ర దీపాలు ఆరడం లేదు. అన్నీ ఆపద పిలుపులే! ఎంతమందికి దెబ్బలు తగిలాయి?"

"ఎవరికీ తగల్లేదు బాబూ," అన్నాడు జోజన్న. "ఊ కొడుతున్నారు."

"ఊ... అంటే అది ఆపద కాదు కదండీ?"

"ఊ లేకపోవడం ఆపద. చెబుతాను, వినండి."

పైడమ్మ పిన్ని ఉప్పుచేపల దగ్గర మొదలుపెట్టి, పంతులమ్మ నిశ్చితార్థం దాకా చెప్పుకుంటూ పోయాడు. అవతల నుంచి "ఊ... ఊ..." అని వినిపిస్తోంది. ఉన్నట్టుండి జోజన్న చెప్పడం ఆపేశాడు.

"ఇందాకటి నుంచి మీరేం చేస్తున్నారు ప్రద్యుమ్న గారూ?"

"వింటున్నానండీ."

"కాదు. సమాచారం లేని శబ్దాలు చేస్తున్నారు. అవి రాకపోతే నేను ఎప్పుడో ఫోను పెట్టేసేవాణ్ణి."

అతను మెల్లిగా అన్నాడు, "మా అమ్మమ్మ కూడా ఈ మధ్య నేను వినట్లేదని తిడుతోందండీ. నెట్‌వర్క్ అనుకున్నాను." పునాదిని సరిచేసేదాకా మా ఆపద ముద్రల జోలికి రానని మాటిచ్చాడు. దీపాలకి గుడ్డ కప్పుకుంటాడట.

జోజన్న గ్లాసు మీద కొట్టాడు. "మనదే!" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట వినడం ఇదే మొదటిసారి.

ఇక మిగిలింది పాత కబుర్లు. ఊ కొట్టిన అసలు మాటలు చలిగని యంత్రాల్లో చెరిగిపోకుండానే ఉన్నాయి, దారిలోనే పోయాయి. వాటిని మళ్ళీ పంపమని అడగొచ్చు. కానీ అక్కడి కరెంటుకి కొద్దికొద్దిగానే పంపగలరు. ఫిర్యాదు పెట్టిన వరసలో పంపాలన్నది మా గది రూలు. పైడమ్మ పిన్నిది మొదటిది. నా పేరు వెతికితే లేదు.

"నువ్వు ఫిర్యాదే పెట్టలేదుగా," అన్నాడు జోజన్న.

నిజమే. ఊరందరి ఫిర్యాదులూ మూసేసిన దాన్ని, నాది పెట్టుకోవాలని తోచలేదు. ఇవాళ పెట్టాను. అందరికంటే ఆఖర్న ఉంది.

"ముందుకి జరిపేయనా?" అని అడిగాడు. చెయ్యి అప్పటికే తెర మీద ఉంది.

కళ్ళు మూసుకుంటే నిశ్చితార్థం వద్దనుకున్న ఆ పిల్ల కనిపించింది. వద్దన్నాను. అనేశాక రెండు ఘడియలు నన్ను నేనే తిట్టుకున్నాను. నా వంతు వచ్చేసరికి సంతకాల గడువు దాటిపోతుంది.

బుధవారం

గాలి ఆఫీసుకి వెళ్ళాను. కిటికీ వెనక కూర్చున్నాయన కాగితం ఇటు తిప్పాడు.

"అక్కణ్ణించి వస్తానని మాట వచ్చిందామ్మా?"

"వచ్చింది."

"వినిపించండి, రాసుకోవాలి."

వినిపించాను. నా ప్రశ్న, దాని తర్వాత ఆ ఖాళీ.

ఆయన నా వైపు చూశాడు. "ఇందులో ఏమీ లేదు కదమ్మా."

"ఉంది. మీకు వినిపించట్లేదు."

"అమ్మా, ఇది ఒక్కసారే పెట్టే సంతకం. అతను ఎక్కకపోతే తర్వాత మీరొచ్చి ఏడ్చినా నేనేం చెయ్యలేను. బాగా ఆలోచించుకోండి."

ఆలోచించడానికి ఏముంది? ఊహూ అనే మనిషి అంత పొడుగ్గా అనడు. ఇది నా నమ్మకం, రుజువు కాదు. నాకు తెలిసిందల్లా ఒక్కటే. నేను నిట్టూర్చిన చోట కూడా ఊ కొట్టిన మనిషి, ఆ ప్రశ్న దగ్గర నన్ను వదిలేయడు. వదిలేస్తే, వదిలేశాడని తెలుసుకుని బతుకుతాను. తెలీకుండా బతకడం నా వల్ల కాదు.

సంతకం పెట్టాను. పేరు వంకరగా పడింది. ఆయన ముద్ర వేస్తూ, "మంచిదమ్మా" అన్నాడు.

బయట పైడమ్మ పిన్ని ఎదురైంది. ఆవిడ పాత కబుర్లు వచ్చేశాయట. మొహం వెలిగిపోతోంది.

"ఉప్పుసేపల కాడ దొంగముండ ఎంత పెద్ద ఊ కొట్టినాదే! లొట్టలేసుకుంటా కొట్టినాది!" అని నా చెయ్యి పట్టుకుంది. అంతలోనే నా మొహం చూసి ఆగింది. "నీదీ వత్తాదిలే గుంటా. ఎక్కడికి పోద్ది?"

ఆదివారం

వచ్చింది.

జోజన్న అది రావడం చూసి, దుమ్ము తుడిచే గుడ్డ తీసుకుని బయటికెళ్ళి తలుపు వేశాడు. బయట ఎప్పుడూ ఎవరూ తుడవరు.

మొదటి నుంచి విన్నాను. దుప్పటి దగ్గర ఊ. గోడ చెమ్మ దగ్గర ఊ. పెదనాన్న గారి దగ్గర ముక్కుతో నవ్వు. నాకు ఒళ్ళు మండించే ఆ ఊ కూడా ఒకచోట ఉంది, దాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను.

తర్వాత నా ప్రశ్న. "పావురానికి వచ్చేస్తావా? సంతకం పెట్టనా?"

అక్కడ ఊ లేదు.

మోటారు రొద ఉంది. పక్కన ఎవరో నిద్రలో కదిలిన చప్పుడు ఉంది. ఆ తర్వాత, గదిలో వాళ్ళు లేవకుండా, నోరు మైకుకి ఆనించి, నా మొగుడు మాట్లాడాడు. సొంతంగా, గోడతో మాట్లాడినట్టు ఉంటుందనే ఆ మనిషి, గుసగుసగా అన్నాడు:

"నువ్వు అడుగుతావనే సంచీ సర్దుకుని కూచున్నాను హైమా. పెట్టెయ్. సంతకం పెట్టెయ్."

ఆ సంచీ మంచం కిందే పెట్టుకుని, నేను విన్నాననే నమ్మకంతో లోతుకి దిగిపోయాడు. నేనేమో ఇక్కడ అతని మీద అలిగి కూర్చున్నాను.

రేపు వాళ్ళని పైకి పిలుస్తారు. ఓడ ఎక్కినా ఇక్కడికి రావడానికి రెండేళ్ళు. ఎదురుచూడాల్సిందే, ఇంకా ఎంతో చూడాలి. ఎక్కబోయే ముందు తన యంత్రం ఒకసారి తెరుస్తాడు, నాకు తెలుసు.

అతని గుసగుస ఇంకోసారి పెట్టి, మైకు దగ్గరికి జరిగి, ఊ అన్నాను. గొంతు సరిగ్గా రాలేదు, సగం ఊపిరే. పునాది దాన్ని ఆపద పిలుపుగా రాసుకుని, ఉన్నదున్నట్టు పంపించింది.